ముందు వెచ్చదనం

పెరట్లో కోడిని ముంగిస పట్టిందంటే ముందు పరిగెత్తేది కర్ర. దాని వెనకే చెప్పు, ఇటుకముక్క, వీధి చివరిదాకా వినిపించే కేకలు. ముంగిస కంచె సందులోంచి జారుకుంటుంది. దొరకని దాన్ని కాసేపు తిట్టుకుంటాం. గూడు తలుపు ఎవరు వేయలేదన్న విచారణ మొదలవుతుంది. ఈలోగా పెట్ట కట్టెల మోపు పక్కన, మెడ లోపలికి లాక్కుని, కళ్ళు సగం మూసుకుని, కదలకుండా కూర్చుని ఉంటుంది. ఇంటిల్లిపాదీ లేచింది దాని కోసమే. దాని దగ్గర మాత్రం ఎవరూ ఉండరు.

ఆపద వేళ మనం చేసే పనుల్లో అనవసరమైనవి నిజానికి తక్కువ. తలుపు బిగించాల్సిందే. ముంగిస మళ్ళీ రాకుండా చూడాల్సిందే. గాయం కడగాలి, మేత పెట్టాలి, మందు వేయాలి. చిక్కల్లా వరసలో ఉంది. ఆఖరున చేయాల్సింది ముందు చేస్తాం. ముందు చేయాల్సింది గుర్తొచ్చేసరికి పొద్దు వాలిపోతుంది. దెబ్బతిన్న కోడిని దగ్గరుండి చూసుకోవడంలో నన్ను ఆలోచింపజేసే సంగతి ఇదే. ఆ వైద్యంలో మందుల కన్నా వరసకే విలువ ఎక్కువ. ఏది ముందో ఏది తర్వాతో ఆ చిన్న ప్రాణం పట్టుబట్టి అడుగుతుంది. దాని మాట వినడం అలవాటైతే, మన ఇళ్ళలో తగిలే పెద్ద దెబ్బల దగ్గరా కొంత తడబాటు తగ్గుతుంది.

అన్నిటికన్నా ముందు వెచ్చదనం. ధారగా నెత్తురు కారుతుంటే తప్ప, గాయం సంగతి కూడా దీని తర్వాతే. పక్షి ఒళ్ళు మన ఒంటి కన్నా వేడి. మనకు 37 డిగ్రీల సెల్సియస్ మామూలు, కోడికి 41 పైన. మనిషికి అది ఒళ్ళు కాలే జ్వరం, కోడికి అది కులాసా. అందుకే పెట్టను చేతుల్లోకి తీసుకున్నప్పుడు వేడిగా తగిలితే కంగారు పడక్కర్లేదు. మన ఒంటిపాటి వేడే తగిలితే కంగారు పడాలి. కాళ్ళు చల్లబడి, తురాయి పాలిపోయి ఉంటే అది లోలోపల కుంగిపోతోందని అర్థం. కిలోన్నర తూగే పెట్ట ఒంట్లో నెత్తురంతా కలిపినా సుమారు 100 మిల్లీలీటర్లు, హోటల్లో ఇచ్చే చిన్న గ్లాసెడు టీ పాటి. నేల మీద మనకు నాలుగు మరకలుగా కనిపించేది దానికి చిన్న నష్టం కాదు. నెత్తురు ఆగకపోతే శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు అదిమి పట్టుకోవాలి. ఆగిందా లేదా అని మాటిమాటికీ ఎత్తి చూడకూడదు. ఎత్తినప్పుడల్లా, అప్పుడే కట్టిన గడ్డ ఊడి వస్తుంది.

ఆ తర్వాత ఒక అట్టపెట్టె, లేకపోతే గంప. అడుగున పాత చీర పీలికో ఎండుగడ్డో. గంప మీద గోనెపట్టా కప్పితే లోపల చీకటి. చీకట్లో కోడి తనంతట తనే నెమ్మదిస్తుంది. వేడినీళ్ళు పోసిన సీసాకు గుడ్డ చుట్టి ఒక పక్కన పెడితే చాలు. వేడెక్కువైతే దూరం జరగడానికి చోటు మాత్రం ఉండాలి. ఒకప్పుడు అరవై వాట్ల బల్బు వేలాడదీసేవారు. ఇప్పుడు ఇళ్ళలో ఉన్నవి ఎల్‌ఈడీ బల్బులు. వాటికి వెలుగే తప్ప పెద్దగా కాక లేదు. కోడికి ఆ వేళ వెలుగుతో పనిలేదు. రోహిణి కార్తెలో ఈ లెక్కంతా తిరగబడుతుంది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతోందంటే ఒంటి వేడిని బయటికి పంపలేక సతమతమవుతోందని. అప్పుడు దానికి నీడ కావాలి, గాలి కావాలి. వెచ్చదనం అని నేననేది నిప్పు సెగను కాదు. తన వేడిని తాను నిలబెట్టుకోవడానికి ఆ ఒళ్ళు పడే కష్టంలో కొంత మనం తీసుకోవడం. చలికాలంలో అది సీసా రూపంలో ఉంటుంది, ఎండాకాలంలో నీడ రూపంలో.

పట్టుకోవడానికీ ఒక పద్ధతి ఉంది. మనకు ఛాతీకీ పొట్టకీ మధ్య ఊపిరి లాగే కండర పొర ఒకటి ఉంటుంది. కోడికి అది లేదు. రొమ్ముటెముక కిందికీ పైకీ ఆడితేనే దానికి గాలి ఆడుతుంది. ఆ ఎముక కదలకుండా పట్టుకుంటే, ఎంత ప్రేమతో పట్టుకున్నా ఊపిరి ఆగుతుంది. పిల్లలు ఏడుస్తూ కోడిని గుండెలకు హత్తుకుంటారు. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. కోడికి మాత్రం ముంగిస పట్టు తప్పి ఇంకో పట్టులో పడినట్టే. తువ్వాలు వదులుగా చుట్టి, రెక్కలు కొట్టుకోకుండా రెండు పక్కలా చేతులు ఆనించి, రొమ్ము దగ్గర ఖాళీ వదలాలి. దగ్గరతనంలో ఆ ఖాళీ కూడా ఒక భాగమని కోళ్ళ దగ్గరే కాదు, మనుషుల దగ్గరా ఆలస్యంగా తెలుస్తుంది.

మన పల్లెల్లో ఇంకో అలవాటుంది. కళ్ళు తేలేసిన కోడిని చూడగానే ముక్కు తెరిచి నోట్లో నీళ్ళు పోస్తారు. దాహంతో ప్రాణం పోకూడదన్న దయ అది. కానీ కోడి నాలుక వెనకే ఊపిరి గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది. పోసిన నీళ్ళు కడుపులోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి పోతే, ముంగిస వదిలిన ప్రాణాన్ని చెంచా తీసుకుపోతుంది. ముక్కు చివర తడిపితే చాలు. తాగాలనుంటే అది తనే చప్పరిస్తుంది. తేరుకుని తల నిలబెట్టాక ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్ళు చిన్న మూతలో పెట్టాలి. జొన్నలు, నూకలు ఆ వెనక. ముందు నానిన మేత, మెత్తటి అన్నం, ఉడికించి చిదిమిన గుడ్డు. కోడికి గుడ్డు పెట్టడమేమిటని కొందరు ముఖం చిట్లిస్తారు. కోడి చిట్లించదు.

ఇక ముంగిస. దాని మీద కోపం ఎక్కడికీ పోదు, పొమ్మన్నా పోదు. పంచతంత్రంలో ముంగిస కథ అందరికీ తెలిసిందే. నీళ్ళకు వెళ్ళి వచ్చిన తల్లి, నోరంతా నెత్తురుతో ఎదురొచ్చిన పెంపుడు ముంగిసను చూస్తుంది. బిడ్డను తినేసిందనుకుని దాన్ని చంపుతుంది. ఆ తర్వాత ఉయ్యాల దగ్గరికి పోతే బిడ్డ క్షేమంగా నిద్రపోతుంటాడు, పక్కన పాము తునకలై పడి ఉంటుంది. చిన్నప్పుడు మాకు దీన్ని తొందరపాటు గురించిన కథగా చెప్పారు. ఇప్పుడు తలుచుకుంటే వరస గురించిన కథ అనిపిస్తుంది. ఆమెకు కోపం రావడంలో వింతేమీ లేదు, ఏ తల్లికైనా వస్తుంది. ముందు ఉయ్యాల చూసి తర్వాత ముంగిస వైపు తిరిగి ఉంటే, ఆ కోపం దానంతటదే చల్లారేది. మన పెరట్లోకి వచ్చిన ముంగిస ఆ కథలోని దానంత నిర్దోషి కాదు, నిజమే. కానీ నేరస్థురాలూ కాదు. ఏ పొదలోనో దానికీ పిల్లలుంటాయి. ఏడాది పొడుగునా అది పట్టే ఎలుకల్నీ పాముల్నీ మనం ఎప్పుడూ లెక్కపెట్టం, పట్టిన కోడినే లెక్కపెడతాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, కర్ర పట్టుకుని కంచె వెంట తిరిగే ఆ పావుగంట కోడికి చెందాల్సింది.

వెచ్చబడి, ఊపిరి కుదుటపడ్డాకే గాయం. వేట జంతువు చేసిన గాయంలో పైకి కనిపించేది తక్కువ. వీపు మీద ఈకలు ఊడి, తోలు లేచిపోయి, ఎర్రగా కండ కనిపిస్తే గుండె ఝల్లుమంటుంది. శుభ్రంగా ఉంచితే అలాంటివి చాలావరకు పూడుకుంటాయి. భయపడాల్సింది ఈకల కింద దాగిన పంటి గాట్లకు. అవి చిన్న రంధ్రాలు, ఒక్కోసారి నెత్తురు కూడా కారదు, పైన మూసుకుని లోపల లోతుగా ఉంటాయి. అందుకని మెడ నుంచి తోక దాకా ఈకల్ని ఎదురు దువ్వుతూ వేలితో తడిమి చూడాలి. రెక్కల కింద, తొడల లోపల, తోక మొదట్లో. ఒక్కోచోట చర్మం ఉబ్బి, నొక్కితే చిటపటలాడుతుంది. కోడి ఒంట్లో ఊపిరితిత్తులకు తోడు గాలిసంచులుంటాయి. వాటిలో ఒకటి చిరిగితే గాలి చర్మం కిందికి చేరుతుంది. అది పశువైద్యుడు చూడాల్సిన సంగతి.

గాయం చుట్టూ ఈకల్ని కత్తిరించాలి, పీకకూడదు. కోడి తోలు పల్చన, ఈకతో పాటు అదీ చిరుగుతుంది. అర లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక టీచెంచా ఉప్పు కలిపి, సూది లేని సిరంజితో ధారగా కొట్టి కడగాలి. పోవిడోన్ అయోడిన్ ఉంటే నీళ్ళలో లేత టీ రంగు వచ్చేదాకా పల్చన చేసి వాడాలి. నురగలు పొంగే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏదో గొప్ప పని చేస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, పదేపదే పోస్తే కొత్తగా పుట్టే కండనూ పాడుచేస్తుంది.

ఇక్కడ పసుపు మాట రాకుండా ఉండదు. 1995లో అమెరికా పేటెంటు కార్యాలయం పసుపుతో గాయాలు మాన్పే పద్ధతికి పేటెంటు ఇచ్చింది. మన శాస్త్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాల్నీ వ్యాసాల్నీ సాక్ష్యంగా పెట్టి వాదించింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. పసుపు మనదని గెలిచాం, సంతోషమే. అయితే పసుపు మనదైనంత మాత్రాన ప్రతి గాయమూ పసుపుది కాదు. గీరుకుపోయిన చోట, అదీ కడిగిన తర్వాత అద్దితే మంచిదే. లోతైన పంటి గాటులో పొడి కూరితే పైన పెచ్చు కడుతుంది, లోపల చీము మిగిలిపోతుంది. పైగా కోడి చీము మనకు పట్టినట్టు కారదు, గట్టిపడి ముద్దగా నిలిచిపోతుంది. తీస్తే తప్ప రాదు. అమ్మమ్మ చెప్పిన మందు తప్పని నేననడం లేదు. మందుకు ముందు నీళ్ళుండాలి, అంతే.

మా వైపు గోదావరి పల్లెల్లో కోడి గాయం గురించి అందరికన్నా ఎక్కువ తెలిసింది పందెం పుంజుల్ని మేపేవాళ్ళకే. ఇది ఆలోచిస్తే ఇబ్బందిగా ఉండే నిజం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉన్నా సంక్రాంతికి కత్తులు కట్టే చేతులే, బరి పక్కన కూర్చుని సూదీ దారం పట్టి పుంజు తొడను అంత ఓపిగ్గా కుడతాయి. ఆ చేతుల నేర్పును మెచ్చుకోవాలా, ఆ నేర్పు ఎక్కడ పుట్టిందో తలుచుకుని సిగ్గుపడాలా అన్నది నాకు తేలదు. రెండూ చేస్తాను. అలాంటి పెద్దాయన ఒకరిని మా అమ్మ ఓసారి అడిగింది. "అన్నయ్యా, వీపంతా లేచిపోయింది, నాలుగు కుట్లు వేస్తావా?" ఆయన పెట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది పంటి గాయం చెల్లెమ్మా. కత్తయితే శుభ్రంగా కోసి పోద్ది. పన్ను మురికి లోపల పెట్టి పోద్ది. ఇప్పుడు కుట్టామంటే దొంగను ఇంట్లో పెట్టి తాళం వేసినట్టే. వదిలెయ్, కడుగుతా ఉండు, అదే పూడుద్ది" అన్నాడు. చేయగలిగిన పనిని చేయకుండా వదలడానికి, చేయడానికన్నా ఎక్కువ అనుభవం కావాలి.

ఆయన మురికి అన్నదాని వెనక ఒక పెద్ద చరిత్ర ఉంది. పిల్లి నోట్లో మామూలుగా ఉండే సూక్ష్మజీవుల్లో ఒకదాని పేరు పాశ్చురెల్లా. పిల్లి పంటితో పక్షి ఒంట్లోకి దిగితే అది త్వరగానే ప్రాణం తీస్తుంది. కోళ్ళకు కలరా తెచ్చేదీ అదే. లూయీ పాశ్చర్ 1879, 1880 సంవత్సరాల్లో ఆ కోళ్ళ కలరా మీదే పనిచేశాడు. పాతబడి బలం తగ్గిన క్రిముల్ని ఎక్కించిన కోళ్ళు చావలేదు సరికదా, తర్వాత కొత్త క్రిముల్నీ తట్టుకున్నాయి. రోగాన్ని బలహీనపరిచి రోగానికే అడ్డు పెట్టవచ్చన్న తోవ అక్కడ దొరికింది. ఆ తోవలోనే నడిచి 1885లో పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ పిల్లవాడికి టీకా వేశాడు. కుక్కకాటుకు మనం సర్కారు ఆసుపత్రిలో వేయించుకునే సూది వెనక, పేరు దక్కని కోళ్ళు చాలా ఉన్నాయి. కోడికి ఎవరో ఏదో చేస్తే మనం జాలి పడుతున్నామని అనుకుంటాం. లెక్క చూస్తే బాకీ మన వైపే ఉంది. పట్టింది కుక్క అయితే ఇంకో జాగ్రత్త. ఈకల మీద దాని చొంగ ఉంటుంది. మన చేతి మీద గీత ఏదైనా ఉంటే సబ్బుతో పావుగంట కడుక్కుని, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

నొప్పి చూడలేక ఇంట్లో ఉన్న బిళ్ళలో ముక్క తుంచి వేయాలనిపిస్తుంది. వేయకూడదు. మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది ఒక నొప్పిమందు వల్లే. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాల్లో మిగిలి, తిన్న రాబందుల మూత్రపిండాల్ని పాడుచేసింది. 2004లో ఆ కారణం బయటపడింది. 2006లో పశువైద్యంలో ఆ మందును మన దేశం నిషేధించింది. ఒక ప్రాణి నొప్పి తగ్గించింది ఇంకో జాతి ఉసురు తీసింది. అందులో ఎవరి దురుద్దేశమూ లేదు. మనకు సరిపడిందల్లా అందరికీ సరిపడుతుందన్న నమ్మకం చాలు, కీడు జరగడానికి. పక్షికి ఏ మందు, ఎంత అన్నది పశువైద్యుడు చెప్పాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పశువుల కోసం 1962 అనే ఫోన్ నంబరు ఉంది. కోడికి డాక్టరా అని పక్కింటివాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. యాంటీబయాటిక్ వేస్తే ఎన్నాళ్ళు గుడ్లు తినకూడదో కూడా ఆయన్నే అడగాలి.

అక్కడి నుంచి మిగిలేది ఎదురుచూడటం. మందు కన్నా ఇది కష్టం. గంటకోసారి గోనె ఎత్తి చూడాలనిపిస్తుంది. మనకది ఆరాటం. దానికి మాత్రం పై నుంచి ఒక చెయ్యి దిగి పట్టుకోవడమంటే జరిగిందే మళ్ళీ జరగడం. వేటకు గురయ్యే ప్రాణులు నొప్పిని దాచుకుంటాయి. మనం చూస్తున్నంత సేపూ తల నిలబెట్టి, మనం పోగానే వాల్చేస్తుంది. పొద్దునా సాయంత్రం చూస్తే సరిపోతుంది. రెట్ట చూస్తే సగం కబురు తెలుస్తుంది. ఆకుపచ్చగా, నీళ్ళగా ఉంటే కడుపులోకి మేత పోవడం లేదని. ఈగల విషయంలో మాత్రం ఏమరపాటు పనికిరాదు. మన వేడి నేలలో గాయం మీద ఈగ వాలితే రోజు తిరక్కుండా పురుగులు పడతాయి. గంపకు దోమతెర చుట్టడం ఏ ఖరీదైన మందుకూ తీసిపోదు.

తేరుకున్నాక తోడు కావాలి. ఇక్కడా తొందర పనికిరాదు. కోళ్ళ గుంపులో ఎవరు ఎవర్ని పొడవాలో ఒక కట్టుబాటు ఉంటుంది. నార్వేకు చెందిన షెల్డెరప్ ఎబ్బె చిన్నతనం నుంచీ తమ పెరటి కోళ్ళను గమనించి, ఆ పొడుపుల మెట్ల గురించి 1921లో రాశాడు. ఆఫీసుల్లో, బంధువుల్లో పెద్దా చిన్నా గురించి మాట్లాడేటప్పుడు ఇంగ్లీషువాళ్ళు వాడే 'పెకింగ్ ఆర్డర్' అన్న మాట ఆ కోళ్ళ నుంచే వచ్చింది. గాయపడ్డ పెట్ట గుంపులోకి పోతే, నిన్నటిదాకా పక్కన పడుకున్నవే ఎర్ర మచ్చ చూసి పొడుస్తాయి. అది పగ కాదు, ఎరుపు కనిపిస్తే పొడవడం వాటి నైజం. అలాగని పూర్తిగా విడదీస్తే దిగులుతో మేత మానేస్తుంది, గుంపులో చోటూ పోతుంది. మధ్యలో ఒక వల కట్టి, ఒకరికొకరు కనిపించేలా ఉంచడమే దారి. తోలు పూడుకుని ఎరుపు పోయాక, చీకటి పడ్డ తర్వాత గూట్లో మిగతావాటి పక్కన పెట్టేస్తే, తెల్లారి లేచేసరికి పెద్ద గొడవ లేకుండా కలుపుకుంటాయి. కనిపించేంత దగ్గరగా, పొడవలేనంత దూరంగా ఉండటం దెబ్బతిన్న ఏ ప్రాణికైనా కొన్నాళ్ళు అవసరం.

ఇంతకీ ఒక కోడి కోసం ఇంత అవసరమా? ఈ ప్రశ్న న్యాయమైనదే. రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ లాంటివైనా, ఊరి నాటు కోడైనా, డాక్టరు దగ్గరికి ఆటోలో పోయి వచ్చేసరికి ఖర్చు కోడి ఖరీదును దాటిపోవచ్చు. అయితే పెరటి కోడి లెక్క ఎప్పుడూ మార్కెట్ లెక్క కాదు. చాలా ఇళ్ళలో పొలం మగవాళ్ళది, కోళ్ళు ఆడవాళ్ళవి. మా అమ్మ గుడ్ల డబ్బుల్ని నాన్న ఎన్నడూ అడగలేదు. అడక్కుండా ఖర్చుపెట్టుకోగలిగిన ఆ కాస్త సొమ్ములో ఆమెకు ఎంత స్వేచ్ఛ ఉండేదో, కోడి పోయిన రోజు ఆమె మౌనం చూస్తే తెలిసేది.

ఇంకా గట్టి ప్రశ్న ఒకటుంది. పండక్కి కోసుకునే కోడికి ఇవాళ కట్టు కట్టడమేమిటి? దీనికి నా దగ్గర తిరుగులేని జవాబు లేదు. ఇంతవరకు మాత్రం చెప్పగలను. రేపు దానికి ఏమవుతుందన్నది, ఇవాళ అది పడే నొప్పిని రద్దు చేయదు. మాంసం తినే ఇంట్లో దయకు చోటులేదంటే ప్రపంచంలో చాలా ఇళ్ళు చీకటైపోతాయి. పెంచినవాడికి ప్రాణి మీద హక్కుందని ఒప్పుకుంటే, ఆ హక్కుతో పాటు దాని నొప్పి బాధ్యత కూడా వస్తుంది. ఒకటి ఉంచుకుని ఇంకోటి వదలడం కుదరదు.

అన్ని కోళ్ళూ బతకవు. పేగులు బయటికి వచ్చినప్పుడు, నడుము విరిగి రెండు కాళ్ళూ ఈడ్చుకుపోతున్నప్పుడు, ఇక ఆశ లేదని డాక్టరు అన్నప్పుడు, చేయాల్సిన పని ఇంకోటి ఉంటుంది. చేతనైనవాళ్ళతో త్వరగా ప్రాణం తీయించడం. దాన్ని వాయిదా వేసి, దేవుడి మీద వదిలేశామని చెప్పుకోవడం చాలాసార్లు మన మనసు కాపాడుకోవడానికే. కుక్క కరిచిన కోడి, మందులు పడిన కోడి కూరకు పనికిరాదు. లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి. చేసిన శ్రమ వృథా అయిందనిపిస్తుంది. ఆఖరి రెండు రోజులు అది వెచ్చగా, చీకట్లో, పొడిచేవాళ్ళు లేకుండా ఉంది. దాని వైపు నుంచి చూస్తే అందులో వృథా ఏముంది?

బతికినదానికి ఈకలు మొలుస్తాయి. ఇందులో ఒక వింత ఉంది. మొదలంటా ఊడిన ఈక స్థానంలో కొన్ని వారాల్లోనే కొత్తది బయల్దేరుతుంది. సగంలో విరిగిన ఈక మాత్రం అలాగే ఉండిపోతుంది. మళ్ళీ ఈకలు రాల్చే కాలం వచ్చి, ఆ మోడు రాలితేనే కొత్తదానికి దారి. పూర్తిగా పోయినదాని కన్నా సగం మిగిలినదే ఎక్కువ కాలం ఆపుతుందన్నమాట.

గూడు బాగుచేయడం అదే రోజు చీకటి పడేలోగా జరగాలి, ఎందుకంటే రుచి మరిగిన వేట జంతువు మళ్ళీ వస్తుంది. కోళ్ళ వల అని అంగట్లో అమ్మే పల్చటి తీగ కోడిని లోపల ఆపుతుందే గానీ, కుక్కనూ బావురుపిల్లినీ బయట ఆపలేదు. అర అంగుళం కన్నాల గట్టి ఇనుప జాలీ కావాలి. అడుగున మట్టిలోకీ దించాలి. గంప అయితే మీద బరువైన రాయి ఉండాలి. గూడు తలుపు ఎవరు వేయలేదన్న విచారణ కూడా అప్పుడు చేసుకోవచ్చు. అప్పటికి కోపం చల్లారి, రేపటి నుంచి ఎవరు వేయాలన్న మాటగా మారి ఉంటుంది.

గుడ్డు అన్నిటికన్నా ఆఖరున. అదిరిన పెట్ట గుడ్లు మానేస్తుంది, ఒక్కోసారి వారాల తరబడి. మళ్ళీ పెట్టే మొదటి గుడ్డు పెంకు లేకుండా తోలుగుడ్డుగా రావచ్చు. ఒంట్లో ఉన్న బలమంతా తోలుకూ ఈకలకూ పోయాక మిగిలితేనే గుడ్డు. ఇరుగుపొరుగు మాత్రం చూడవచ్చి ముందు అడిగేది, గుడ్డు పెడుతోందా అనే.

ఇదీ వరస. వెచ్చదనం, ఊపిరి, నీళ్ళు, గాయం, మందు, తోడు, గుడ్డు. పరీక్ష పోయిన పిల్లవాడో, ఉద్యోగం పోయిన తమ్ముడో, అత్తింటి నుంచి సంచితో వచ్చేసిన ఆడపిల్లో గుమ్మంలో నిలబడ్డప్పుడు మనం ఏ కొస నుంచి మొదలుపెడతామో గమనించుకోవాలి. ఎవరు చేశారు, ఎందుకలా అయింది, మేం ముందే చెప్పలేదా? ఇవన్నీ గూడు తలుపు ప్రశ్నలు. ఇప్పుడేం చేస్తావు, ఎలా సంపాదిస్తావు? ఇది గుడ్డు ప్రశ్న. అడగకూడనివని కాదు, ఎప్పుడో ఒకప్పుడు అడగక తప్పదు కూడా. కానీ వణుకుతున్న మనిషి దగ్గర వాటికి జవాబులుండవు. ముందు లోపలికి రమ్మని, వేడిగా ఏదైనా తాగనిచ్చి, కాసేపు ఎవరూ ఏమీ అడగని ఒక గది ఇస్తే, ఆ జవాబులు వెతుక్కునే బలం ఆ మనిషికే వస్తుంది. చాలాసార్లు మనం అడిగే లోపే తనే చెబుతుంది.